పాత రోడ్‌స్టర్‌ని కొండెక్కించే ముందు

ఏమర్రా పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. పాత రోడ్‌స్టర్, అదే టాప్ మడిచేసుకునే రెండు సీట్ల కారు, ఒకటి దొరికిందనీ, దాన్ని హిల్‌క్లైంబ్ పోటీలకీ ట్రాక్ మీద తిప్పడానికీ పనికొచ్చేలా మార్చాలనుకుంటున్నామనీ, ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టి బలం పెంచే టర్బో ఏది వేస్తే బాగుంటుందో చెప్పమనీ రాశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. టర్బో సంగతి ఈ ఉత్తరంలో ఎక్కడా రాదు, ముందే చెప్పేస్తున్నా, అలగకండి.

ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. హిల్‌క్లైంబ్, ట్రాక్ రెండూ వేగం పనులే అయినా కారుని అడిగేవి వేరువేరు. హిల్‌క్లైంబ్ అంటే మామూలు రాకపోకలు ఆపేసిన కొండదారి మీద ఒక్కొక్క కారే గడియారంతో పోటీపడుతూ పైకి వెళ్లడం. ఇంగ్లండ్‌లో షెల్స్‌లీ వాల్ష్ అని ఒక కొండదారి ఉంది, అక్కడ 1905 నుంచి పోటీలు జరుగుతున్నాయి, ఇప్పటి పొడవు 1000 గజాలు, అంటే 914 మీటర్లే. మామూలు కారు కూడా నిమిషంలోపు పైకి చేరిపోతుంది. తర్వాత కిందికొచ్చి మళ్లీ మీ వంతు వచ్చేదాకా కూర్చోవడమే, ఈలోపు టైర్లు, బ్రేకులు అన్నీ చల్లబడిపోతాయి. అమెరికాలో పైక్స్ పీక్ లాంటివీ ఉన్నాయి, 1916లో మొదలైంది, దగ్గర దగ్గర 20 కిలోమీటర్లు, 156 మలుపులు, 4300 మీటర్ల ఎత్తున ముగుస్తుంది, అంత ఎత్తులో గాలి పలచబడి టర్బో లేని ఇంజన్ బలంలో సుమారు మూడో వంతు పోతుంది. మీరు ఇప్పట్లో అక్కడికి వెళ్లరు గానీ చదువుకోవడానికి బాగుంటుంది.

ట్రాక్ దీనికి పూర్తిగా ఉల్టా. పదిహేను, ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పుతారు, ప్రతి ల్యాపులోనూ అవే మలుపుల దగ్గర అంతే గట్టిగా బ్రేకు తొక్కుతారు. అంటే కొండ మీద ప్రతి భాగమూ చల్లగా ఉన్నప్పుడే పనిచేయాలి, ట్రాక్ మీద ఎంత వేడెక్కినా చేతులెత్తేయకూడదు. ఏ పార్టు కొనబోతున్నా "ఇది చల్లగా ఉంటే ఎలా, కాలిపోతుంటే ఎలా" అని రెండుసార్లు అడిగి చూసుకోండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ఇక కారు. మీది ఏ కంపెనీదో రాయలేదు, 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5 అనుకుని చెప్తాను, ఎందుకంటే ఈ పనికి జనం ఎక్కువగా వెతికేది దాన్నే. 1.6 లీటర్ల ఇంజన్, సుమారు 115 హార్స్‌పవర్, బరువు టన్నుకి కాస్త లోపు, ఇంజన్ ముందు, నడిచేది వెనక చక్రాలు, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. కాగితం మీద ఆ హార్స్‌పవర్ చూసి ముఖం చిట్లించేవాళ్లుంటారు. ఆ బరువుకి అది నేర్చుకునేవాళ్లకి చాలు, ఎక్కువే కూడా. వేరే పాత రోడ్‌స్టర్ అయినా ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు వర్తిస్తాయి.

ఏ రోడ్‌స్టర్‌కైనా శత్రువు తుప్పే. గట్టి పైకప్పు లేని బాడీ, మూత తీసిన అట్టపెట్టెలా మెలితిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా సాగే డబ్బా లాంటి రేకు భాగం, దాన్నే సిల్ అంటారు. బయట మెరిసే పెయింటు ఉన్నా లోపల పొడిపొడిగా రాలుతూ ఉండొచ్చు, ముఖ్యంగా వెనక చక్రం ముందు వైపు, ఎందుకంటే మడిచే టాప్ మీద పడ్డ వాననీళ్లు దిగే గొట్టం మూసుకుపోతే నీళ్లు నిలిచేది అక్కడే. ఇలా చూడండి. బండిని చదును నేల మీద నిలిపి, తలుపు మూసి, దాని వెనక అంచు సందు పైన ఎంతుందో కింద ఎంతుందో కళ్లారా చూసుకోండి, కావాలంటే వేలు పెట్టి చూడండి. తర్వాత జాకీతో ఒక మూల లేపి అదే సందు మళ్లీ చూడండి, తలుపు తెరిచి మూయండి. సందు మారినా, తలుపు గొళ్లెం దగ్గర పట్టేసినా, బాడీ వంగుతోందని అర్థం. స్క్రూడ్రైవర్ పిడితో సిల్ పొడవునా తట్టుకుంటూ వెళ్తే మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. పుచ్చిన చోట కొత్త రేకు వెల్డింగ్ చేయించకుండా ఒక్క రేసు పార్టు కూడా కొనకండి, అది నేల విడిచి సాము. అన్నట్టు, జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండులు పెట్టాకే.

బాడీ గట్టిదని తేలాక ప్రాణం సంగతి. ఇక్కడ బేరాలు లేవు. రోడ్‌స్టర్ తిరగబడితే మీ తలకీ నేలకీ మధ్య ఉండేది విండ్‌షీల్డు ఫ్రేము ఒక్కటే, అది మీ బరువు ఆపదు. సీట్ల వెనక నిలబెట్టి తలని కాపాడే బలమైన గొట్టం, అదే రోల్ బార్, తప్పనిసరి. అందానికి పెట్టే మెరుపు గొట్టాలు ఆ పేరుతోనే అమ్ముతారు, అవి ఫొటోలకే. అసలైనది అతుకు లేని స్టీలు గొట్టంతో చేస్తారు, ప్రపంచ మోటారు పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల్లో మెయిన్ హూప్‌కి, అంటే తల వెనక వంపు తిరిగే ముఖ్యమైన గొట్టానికి, 45 మిల్లీమీటర్ల వ్యాసం 2.5 మందం, లేదా 50 వ్యాసం 2 మందం అని ఉంటుంది. కాళ్లు బాడీకి ఆనే చోట కింద వెడల్పాటి ప్లేటు ఉండాలి, లేకపోతే దెబ్బ తగిలినప్పుడు గొట్టం పల్చటి రేకుని చీల్చుకుని కిందికి దిగిపోతుంది. హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చోండి, ఇంకొకరిని పొడవాటి కర్ర ఒకటి రోల్ బార్ మీద నుంచి విండ్‌షీల్డు పై అంచు మీదికి ఆనించమనండి, మీ హెల్మెట్ ఆ కర్రని తాకకూడదు, దానికి కిందే ఉండాలి. పొడుగ్గా ఉన్నవాళ్లు సీటు పట్టాలు తీసేసి కిందికి దింపుకోవాలి. పెద్దోడా, ఇది నీకోసమే రాస్తున్నా.

ఇంకో మాట. రోల్ బార్ లేకుండా నాలుగు, ఆరు పట్టీల హార్నెస్ బెల్టు పెట్టుకోవద్దు. మామూలు బెల్టుతో మనిషి పక్కకి ఒరగగలడు, హార్నెస్ నిటారుగా కట్టేస్తుంది, కారు తిరగబడితే తలే ఆనుతుంది. అలాగే బైకు హెల్మెట్‌తో సరిపెట్టుకోకండి, హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ కారు పోటీలకని ఇచ్చే ఎస్‌ఏ ముద్ర ఉన్న హెల్మెట్ లోపలి గుడ్డ మంట అంటుకోకుండా చేసింది, బైకుదానికి ఆ పరీక్ష లేదు. మంట ఆర్పే సిలిండర్, బయటి నుంచి కూడా కరెంటు ఆపేసే కటాఫ్ స్విచ్, ముందూ వెనకా లాగడానికి కొక్కేలు, ఇవన్నీ పోటీ నిబంధనల పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం పార్టులు కొనకముందే చదవాలి. అందులోనే క్లాసుల సంగతీ ఉంటుంది, ఒక్కోసారి ఒక చిన్న మార్పు చేశారని మీ కారుని మీకంటే బాగా బలమైన కార్ల క్లాసులోకి తోసేస్తారు, అప్పుడు ఖర్చు మీది, కప్పు వాళ్లది.

ఇప్పుడు అసలు వేడి కథ, బ్రేకులు. 1000 కిలోల కారు గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే సుమారు 386 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. వేగం 140 అయితే 756. వేగం పెరిగింది 1.4 రెట్లే, వేడి మాత్రం దాదాపు రెట్టింపు, స్కూల్లో చదివిన వేగం వర్గం సూత్రం ఇక్కడ కాలికి తగుల్తుంది. ఆ వేడి చక్రంతో తిరిగే డిస్కు నుంచి దాన్ని ఒత్తిపట్టే ప్యాడుకి, అక్కడి నుంచి ప్యాడ్లని నొక్కే కాలిపర్‌కి, అందులోని బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ద్రవం నొక్కుడుకి లొంగదు, ఆవిరి లొంగుతుంది, కాబట్టి నిన్నటిదాకా రాయిలా ఉన్న పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు మాత్రం వెళ్తూనే ఉంటుంది. ఆ క్షణంలో పెడల్‌ని గబగబా తొక్కుతూ గేర్లు తగ్గించుకోవడమే దారి. ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియని పాత కారుతో ట్రాక్ మీదికి వెళ్లడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సీజన్‌కి ముందు మొత్తం ఆయిల్ మార్చి, గాలి తీసి, పాత రబ్బరు గొట్టాలు తీసేయండి. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం వీటితో కలపకూడదు, డాట్ 5.1 వేరు, పేర్లు ఒకేలా ఉన్నాయని తికమక పడకండి.

ప్యాడ్ల దగ్గర కొండా ట్రాకూ ఎదురుతిరుగుతాయి. బాగా వేడెక్కాకే పట్టే అసలు రేసు ప్యాడ్లు కొండ మీద మొదటి మలుపులో చెక్కముక్కల్లా ఉంటాయి, అవి వేడెక్కేలోపు మీ పరుగు అయిపోతుంది. అందుకని మధ్యరకం తీసుకోండి, చల్లగా ఉన్నా పట్టేది, ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పి ఒక ల్యాపు నెమ్మదిగా చల్లార్చుకుంటే సరిపోయేది. అన్ని ల్యాపులూ గట్టిగానే తిప్పాలనుకునేవాడికి రెండు సెట్లుండాలి, ప్యాడ్లు మార్చడం పెద్ద పనేం కాదు.

టైర్లదీ అదే కథ. మెత్తటి రబ్బరు తొందరగా అంటుకుంటుంది, కొండకి వరం, ట్రాక్ మీద కొంతసేపటికి జిడ్డుగా జారడం మొదలెడుతుంది. గాలి విషయంలో చాలామంది పొరబడతారు. ట్రాక్ మీద వేడికి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి తక్కువతో బయలుదేరి, సెషన్ అయిన వెంటనే కొలిచి, ఎక్కువైంది వదిలేస్తారు. ఆ చల్లటి అంకెనే తీసుకొచ్చి కొండ దగ్గర పెడితే టైరు ఒరిగిపోతుంటుంది, అక్కడ ప్రెషర్ పెరిగేంత సమయమే లేదుగా. కొండకి కావలసిన ప్రెషర్ దగ్గరగా ముందే పెట్టుకోవాలి.

సస్పెన్షన్‌లో ముందు మార్చాల్సింది కీళ్ల దగ్గర ఉండే ముసలి రబ్బరు బుష్‌లు, అరిగిన బాల్ జాయింట్లు, కారే షాకబ్జర్లు. చాలా పాత కార్లు ఈ పనితోనే కొత్త ప్రాణం పోసుకుంటాయి. స్ప్రింగులు మరీ గట్టివి వద్దు, కొండదారి ట్రాక్ లాగా నున్నగా ఉండదు, గతుకు మీద చక్రం గాల్లోకి లేస్తే పట్టు సున్నా. కారుని నేలకి ఆనించినట్టు కిందికి దించడం నాకు అస్సలు గిట్టదు. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించేటప్పుడు, డ్రైవర్ సీట్లో మీ బరువు ఉంచమనండి, మనిషి ఉన్నప్పుడూ లేనప్పుడూ ఇంత తేలిక కారులో తేడా తెలుస్తుంది.

బరువు తీయడం మీకు సరదాగా ఉంటుంది, కానివ్వండి. స్టెప్నీ, పక్క సీటు, కార్పెట్, ఏసీ, పాటల డబ్బా అన్నీ పోవచ్చు. హీటర్ మాత్రం ఉంచండి, వాన పడిన రోజు స్టార్టు లైన్ దగ్గర అద్దం మీద ఆవిరి పట్టేస్తే హార్స్‌పవర్‌తో పని లేదు.

ఇంజన్‌కి కంప్రెషన్ టెస్టు, కొత్త టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, కొత్త హోసులు, అంతే. మొదటి ఏళ్ల 1.6 ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు ముందు కొసన పుల్లీని పట్టి ఉంచే కీ సందు వదులై పుల్లీ ఊగే జబ్బు ఉంది, బెల్టు మార్చేటప్పుడే చూడమనండి. ట్రాక్ కోసం రేడియేటర్ చుట్టూ సందులు మూయండి, గాలి తేలిక దారి వెతుక్కుని పక్క నుంచి జారుకుంటుంది. బంపర్ కింది ప్లాస్టిక్ ట్రే పనికిరానిదని పారేసి, తర్వాత వేడెక్కుతోందని పెద్ద రేడియేటర్ కొనేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. ఇంజన్ ఆయిల్ పై గీత దాకా ఉంచండి, పొడవాటి మలుపులో ఆయిలంతా సంపులో, అంటే ఇంజన్ కింది తొట్టిలో, ఒక పక్కకి పోయి పంపు గాలి పీలిస్తే బేరింగులు పోతాయి.

కొండ మీద ఇరుకు హెయిర్‌పిన్‌లో లోపలి వెనక చక్రం ఊరికే తిరుగుతుంటే బలమంతా ఆ ఒక్క చక్రానికే పోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ గురించి ఆలోచించొచ్చు, అది మొదటి ఏడాది పని కాదు.

మొదటిరోజు సెషన్ నుంచి రాగానే వేడి బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేక్ లాగకండి, గేర్లో ఉంచి చక్రం కింద చెక్క పెట్టండి. చక్రాల నట్లు టార్క్ పానాతో మళ్లీ బిగించండి. సిల్ సంగతి చూసి ఫొటోలు పంపండి, దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.

మీ తాతయ్య