ఫోన్ ఎంత కరెంటు లాక్కోవాలో ఎవరు చెబుతారు?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ల్యాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగ్‌తో ఫోన్ బతికించుకుందామని యూఎస్‌బీ వైరు పెడితే నత్తనడకన ఎక్కుతుంది, మూత వేశామా, చాలా ల్యాప్‌టాపుల్లో అదీ ఆగిపోతుంది. వైరు పోయిందనుకుంటాం. వైరు బాగానే ఉండొచ్చు, అక్కడ నడుస్తున్నది అనుమతుల వ్యవహారం.

ఛార్జర్ ఫోన్‌లోకి కరెంటును తోసెయ్యదు. వోల్టేజీ ఇచ్చి ఊరుకుంటుంది, లాక్కునేది ఫోనే. కానీ ఎంతవరకు లాక్కోవచ్చో అవతలి నుంచి తెలిసేదాకా ఆగాలి.

యూఎస్‌బీ 2.0 పోర్ట్‌కి పెట్టిన వెంటనే ఏ పరికరమైనా 100 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. అప్పుడు కంప్యూటర్‌లోని డ్రైవర్, అంటే ఆ పోర్ట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, దాని వివరాలు అడుగుతుంది: నువ్వెవరు, నీకెంత కావాలి? జవాబులో కరెంటు కోసం ఒక్క బైటు ఉంటుంది, అందులోని అంకెని రెండుతో గుణిస్తే మిల్లీ ఆంపియర్లు, అంటే 250 అని ఉంటే 500 అడిగినట్టు. డ్రైవర్ ఆ పోర్ట్‌కి ఎంత మిగిలిందో చూసుకుని, సరిపోతే సరే అంటుంది. ఆ తర్వాతే ఫోన్‌లోని డ్రైవర్ తన ఛార్జింగ్ చిప్‌కి "ఇక 500 దాకా తీసుకో" అని చెబుతుంది. యూఎస్‌బీ 3.0లో ఈ హద్దు 900. మూత వేసి కంప్యూటర్ నిద్రలోకి వెళ్తే పరికరం 2.5 మిల్లీ ఆంపియర్లకి తగ్గిపోవాలి, ఛార్జింగ్ ఆగేది అందుకే.

నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, డ్రైవర్ మీటర్ పెట్టి కొలవదు, కిరాణా కొట్టులో ఖాతా రాసుకున్నట్టు చెప్పిన అంకెలు కూడుకుంటుంది, అంతే. ఒక పోర్ట్‌ని నాలుగు చేసే హబ్‌కి సొంత అడాప్టర్ లేకపోతే, అది 500 తీసుకుని, తనకి 100 ఉంచుకుని, నాలుగు పోర్టులకి తలా 100 పంచుతుంది. దానికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి చూడండి, కరెంటు చాలదని లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని తిరస్కరిస్తుంది. పరికరం అబద్ధం చెప్పి ఎక్కువ లాగితే దాన్ని ఆపాల్సింది పోర్ట్‌లోని రక్షణ స్విచ్, అది పడ్డాక జరిగింది డ్రైవర్‌కి తెలుస్తుంది.

గోడ ఛార్జర్‌లో కంప్యూటర్ లేదు, అడగడానికి ఎవరూ లేరు. అందుకే 2010 నాటి బ్యాటరీ ఛార్జింగ్ 1.2 ప్రమాణంలో ఛార్జర్ లోపల రెండు డేటా తీగల్ని కలిపేశారు. ఫోన్ ఒక తీగ మీద చిన్న వోల్టేజీ పెట్టి, అది రెండో తీగలో కనబడితే ఇది గోడ ఛార్జరేనని గుర్తించి 1.5 ఆంపియర్ల దాకా వెళ్తుంది.

టైప్-సీ వచ్చాక అచ్చంగా బేరమే నడుస్తోంది. ప్లగ్‌లో సీసీ అనే తీగ ఉంటుంది. ముందు దాని మీది వోల్టేజీ చూసి మామూలు యూఎస్‌బీ హద్దా, 1.5 ఆంపియర్లా, 3 ఆంపియర్లా అన్నది ఫోన్ తెలుసుకుంటుంది. రెండు వైపులా పవర్ డెలివరీ అనే బేరం పద్ధతి ఉంటే ఛార్జర్ అదే తీగ మీద తన జాబితా పంపుతుంది: 5 వోల్టులకి ఇంత, 9కి ఇంత, 20కి ఇంత. ఫోన్ ఒకటి ఎంచుకుని అడగాలి, అదీ సుమారు 30 మిల్లీ సెకన్ల లోపే. ఛార్జర్ ఒప్పుకుని, వోల్టేజీ మార్చి, సిద్ధం అని చెప్పాకే అసలు కరెంటు. చాలా ల్యాప్‌టాపుల్లో ఈ బేరం వేరే చిన్న చిప్ చూసుకుంటుంది, విండోస్‌కి ఫలితం మాత్రమే అందుతుంది.

బేరంలో కేబుల్‌కీ వాటా ఉంది, విజయనగరంలో ఏ సెల్ షాపుకి వెళ్ళినా మనం అడగకుండా వదిలేసేది ఇదే. 3 ఆంపియర్లు దాటాలంటే తన సామర్థ్యం చెప్పే చిప్ కేబుల్‌లో ఉండాలి. అది లేకపోతే 20 వోల్టుల మీద 60 వాట్లే, ఛార్జర్ మీద 100 అని రాసి ఉన్నా సరే. సన్నటి కేబుల్ ఇంకో రకంగా దెబ్బకొడుతుంది: రానూపోనూ తీగల నిరోధం అర ఓమ్ ఉందనుకుంటే 2 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు దారిలోనే పోతుంది. 5 వోల్టులు 4కి పడిపోతాయని చూసిన ఛార్జింగ్ చిప్ ఎవర్నీ అడక్కుండానే కరెంటు తగ్గించేస్తుంది. ఇక్కడ డ్రైవర్ హద్దు పెట్టేదే తప్ప, ఆఖరి మాట చిప్‌ది.

వేడి కూడా అంతే ముఖ్యం. మే నెల మధ్యాహ్నం ఆమదాలవలస నుంచి రాజాం దాకా బైక్ హ్యాండిల్ మీద మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంక్ తగిలించి వెళ్తే, ఫోన్ లోపలి సెన్సర్ వేడి చూసి డ్రైవర్ ఛార్జింగ్ కరెంటును కోసేస్తుంది. లిథియం బ్యాటరీలకి సాధారణంగా 45 డిగ్రీల దగ్గరే ఈ తగ్గింపో, పూర్తిగా ఆపడమో మొదలవుతుంది. అక్కడ ఎన్ని వాట్ల పవర్ బ్యాంక్ పెట్టినా లాభం ఉండదు. ఇంట్లో నెమ్మదిగా ఎక్కుతుంటే మాత్రం ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత కవర్ తీసి నీడలో పెట్టండి, కొత్త ఛార్జర్ సంగతి ఆఖర్న.