ఊరి బ్యాంకు మూతపడిన నాడు: అమెరికా మహా మాంద్యం, డిపాజిట్ బీమా వెనుక కథ

బ్యాంకు దివాలా తీసినా ఐదు లక్షల రూపాయల వరకు డిపాజిట్‌కు బీమా ఉంటుందన్న సంగతి ఇవాళ మనలో చాలామందికి తెలుసు. భారతదేశంలో ఈ ఏర్పాటు, 1960లో కేరళకు చెందిన పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన తరువాత, 1962 జనవరి 1న 1,500 రూపాయల పరిమితితో మొదలైంది. అంతకు చాలా ముందే అమెరికా ఈ దారి పట్టింది, కానీ ఇష్టపడి పట్టలేదు. ఆ దేశం అక్కడికి చేరేలోపు పాతికేళ్ల పాటు వేల బ్యాంకులు కూలిపోయాయి, లక్షల కుటుంబాలు కూడబెట్టుకున్న సొమ్ము పోగొట్టుకున్నాయి. ఈ కథను 1929 అక్టోబరు నాటి షేర్ మార్కెట్ పతనంతో మొదలుపెట్టడం పరిపాటి. అయితే ఆనాటి అమెరికన్లలో షేర్లు కొన్నవారు కొద్దిమందే. షేర్ల ముఖమే చూడని రైతు, బడిపంతులు, దర్జీ కూడా వీధిన పడ్డారంటే అందుకు ప్రధాన కారణాన్ని షేర్ మార్కెట్‌కు నెలవైన వాల్‌స్ట్రీట్‌లో కంటే ఊరి బ్యాంకులోనే వెతకాలి.

1907 అక్టోబరులో ఒక రాగి కంపెనీ షేర్లన్నిటినీ గుప్పిట్లో పెట్టుకోవాలని కొందరు పన్నిన పథకం బెడిసికొట్టింది. వారితో సంబంధం ఉందన్న అనుమానంతో న్యూయార్క్‌లో బ్యాంకులా డిపాజిట్లు తీసుకునే నికర్‌బాకర్ ట్రస్టు అనే సంస్థ మీద డిపాజిటర్లు ఎగబడ్డారు. భయం ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు పాకుతుంటే, దేశానికి కేంద్ర బ్యాంకు అంటూ లేకపోవడంతో, జె.పి. మోర్గాన్ అనే ప్రైవేటు బ్యాంకరు తోటి బ్యాంకర్లను కూర్చోబెట్టి డబ్బు పోగుచేసి గండం గట్టెక్కించాల్సి వచ్చింది. ఒక దేశపు ద్రవ్య వ్యవస్థ ఒక్క మనిషి పలుకుబడి మీద నిలబడటం ప్రమాదకరమన్న గ్రహింపు నుంచే 1913 డిసెంబరు 23న, కేంద్ర బ్యాంకుగా ఫెడరల్ రిజర్వ్‌ను ఏర్పరిచే చట్టం వచ్చింది.

అదే సంక్షోభం నుంచి ఓక్లహోమా మరో పాఠం నేర్చుకుంది. అప్పుడే కొత్తగా ఏర్పడిన ఆ రాష్ట్రం, బ్యాంకులన్నీ ఒక నిధికి చందా కట్టాలనీ, ఏ బ్యాంకు మునిగినా ఆ నిధి నుంచి డిపాజిటర్లకు చెల్లించాలనీ చట్టం చేసింది. కాన్సాస్, నెబ్రాస్కా, టెక్సాస్ సహా మరో ఏడు రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆలోచన మంచిదే గానీ పునాదిలోనే లోపం ఉంది. ఒకే రాష్ట్రంలోని బ్యాంకులన్నీ చాలావరకు ఒకే పంట మీద, ఒకే భూముల మీద అప్పులిచ్చినప్పుడు, ఒకటి మునిగే రోజున మిగతావీ మునుగుతాయి. ఆ రోజుకు నిధిలో చిల్లిగవ్వ ఉండదు. 1930 నాటికి ఈ ఎనిమిది పథకాల్లో ఒక్కటీ మిగలలేదు. డిపాజిట్ బీమా అసాధ్యమని బ్యాంకర్లు వాదించడానికి ఈ వైఫల్యమే తరువాత ఆయుధమైంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఐరోపాకు గోధుమ కావలసి వచ్చింది. బుషెల్ (అక్కడి ధాన్యం కొలత) ధర రెండు డాలర్లు దాటింది, రైతులు అప్పుచేసి భూములు కొన్నారు, యంత్రాలు కొన్నారు. యుద్ధం ముగిశాక ఐరోపా మళ్లీ పండించుకోవడం మొదలుపెట్టగానే 1920-21లో ధర సగానికి పడిపోయింది. అప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. నగరాలు కార్లు, రేడియోలు కొంటూ వెలిగిపోతున్నట్టు కనిపించిన ఆ దశకంలోనే ఐదు వేలకు పైగా బ్యాంకులు మూతపడ్డాయి. వాటిలో అత్యధికం పల్లెటూళ్లలోని చిన్న బ్యాంకులు. చాలా రాష్ట్రాలు బ్యాంకులకు శాఖలు తెరిచే అనుమతి ఇవ్వకపోవడంతో దేశంలో దాదాపు 30,000 విడి బ్యాంకులు ఉండేవి. ఊరి పంట పోతే ఊరి బ్యాంకూ పోయేది. పక్కనే ఉన్న కెనడాలో దేశమంతటా శాఖలున్న కొద్దిపాటి పెద్ద బ్యాంకులే ఉండేవి, మాంద్యం కాలంలో వాటిలో ఒక్కటి కూడా కూలలేదు. అంటే 1929 కంటే ముందే గ్రామీణ అమెరికా మాంద్యంలో ఉంది. నగరాల పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

షేర్ల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. 1929 సెప్టెంబరు 3న 381 దగ్గర ఉన్న డౌ జోన్స్ షేర్ల ధరల సూచీ 1932 జులై 8 నాటికి 41కి దిగింది. పదో వంతు సొంత సొమ్ము పెట్టి మిగతాది అప్పుగా తెచ్చి షేర్లు కొన్నవారు తొలి రోజుల్లోనే తుడిచిపెట్టుకుపోయారు. కానీ 1930 వేసవి వరకూ ఇదొక గట్టి ఎదురుదెబ్బ మాత్రమేనని, త్వరలోనే సర్దుకుంటుందని నమ్మినవారు తెలివితక్కువవారేమీ కాదు.

ఆ నమ్మకాన్ని చెరిపేసిన ఘటనల్లో న్యూయార్క్‌లోని బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ పతనం ముఖ్యమైనది. పేరు ఎంత ఘనంగా ఉన్నా అది ప్రభుత్వ బ్యాంకు కాదు. బట్టల ఫ్యాక్టరీలలో కుట్టుపని చేసేవారు, చిన్న వ్యాపారులు, ముఖ్యంగా యూదు వలసదారులు, సుమారు నాలుగు లక్షల మంది అందులో డబ్బు దాచుకున్నారు. 1930 డిసెంబరు 10న బ్రాంక్స్‌లోని ఒక శాఖకు వచ్చిన ఒక వ్యాపారి తన దగ్గరున్న ఆ బ్యాంకు షేర్లను అమ్మిపెట్టమని అడిగాడు. అమ్మవద్దని అక్కడివారు నచ్చజెప్పబోతే, బ్యాంకు తన షేర్లు తీసుకోలేదని అతడు బయట చెప్పాడని అప్పట్లో పత్రికలు రాశాయి. మధ్యాహ్నానికి వేలమంది గుమిగూడారు, వారిని అదుపు చేయడానికి గుర్రాల మీద పోలీసులు రావలసి వచ్చింది. ఆ రాత్రి నగరంలోని పెద్ద బ్యాంకర్లు సమావేశమై, దాన్ని ఆదుకోవడానికి నిరాకరించారు. మర్నాడు సుమారు 60 శాఖల తలుపులూ తెరుచుకోలేదు. బ్యాంకు అధిపతి బెర్నార్డ్ మార్కస్ తరువాత జైలుకు వెళ్లాడు. డిపాజిటర్లకు చివరికి 80 శాతానికి పైగా సొమ్ము తిరిగి వచ్చింది గానీ, అది విడతలు విడతలుగా ఏళ్ల తరబడి సాగింది. అద్దె కట్టాల్సింది మాత్రం ఈ నెలలోనే. మూతపడిన బ్యాంకుల పాస్‌బుక్కులను చాలామంది తక్కువ ధరకే దళారులకు అమ్ముకున్నది అందుకే.

మూతపడ్డ ప్రతి బ్యాంకూ మిగిలిన బ్యాంకులను భయపెట్టింది. కొత్త అప్పులు ఆపేసి, పాత అప్పులు వసూలు చేసి, నగదు దగ్గర పెట్టుకోవడమే వాటికి క్షేమమనిపించింది. ప్రజలు తమ వంతుగా నోట్లు ఇంట్లో దాచారు. ఇలా 1929-33 మధ్య దేశంలోని ద్రవ్య సరఫరా, అంటే జనం చేతుల్లోనూ ఖాతాల్లోనూ ఉన్న మొత్తం డబ్బు, దాదాపు మూడో వంతు తగ్గింది, దానితోపాటు ధరలు పడిపోయాయి. ధరలు తగ్గితే మంచిదే కదా అనిపించవచ్చు, కానీ అప్పున్నవాడికి అది ఉరి. గోధుమ రెండు డాలర్లున్నప్పుడు వెయ్యి డాలర్లు అప్పుచేసిన రైతు 500 బుషెళ్లు అమ్మితే అప్పు తీరుతుంది. 1932లో ధర 40 సెంట్ల లోపుకు దిగాక అదే అప్పుకు 2,500 బుషెళ్లకు పైగా కావాలి. ఇలాంటి సమయంలో బ్యాంకులకు ఉదారంగా నగదు అందించాల్సిన ఫెడరల్ రిజర్వ్, 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని (కరెన్సీని స్థిరమైన రేటుకు బంగారంతో ముడిపెట్టే పద్ధతిని) వదిలేయగానే తమ బంగారం తరలిపోతుందన్న భయంతో, అక్టోబరులో వడ్డీ రేటును ఒకటిన్నర శాతం నుంచి మూడున్నరకు పెంచింది. 1907లో మోర్గాన్ చేసిన పని చేయడానికి పుట్టిన సంస్థ అవసరం వచ్చిన రోజున సరిగ్గా దానికి వ్యతిరేకంగా నడిచిందన్న విమర్శ అన్యాయమైనదేమీ కాదు.

నగదు మాయమైన ఊళ్లలో మనుషులు డబ్బుకు ప్రత్యామ్నాయాలు వెతుక్కున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టెనినో అనే చిన్న ఊళ్లో 1931 డిసెంబరులో ఉన్న ఒక్క బ్యాంకూ మూతపడితే, స్థానిక వర్తక సంఘం డిపాజిటర్లకు వారి సొమ్ములో కొంత భాగానికి చీటీలు ఇచ్చింది. ఆ చీటీలను పల్చటి చెక్క రేకుల మీద అచ్చువేయించింది. ఊళ్లో సరుకులకు అవి చెల్లాయి. చిత్రమేమిటంటే, ఆ చెక్క డబ్బు వార్త దేశమంతా పాకి, చాలావరకు సేకర్తలే వాటిని కొని దాచుకున్నారు. షికాగోలో బడిపంతుళ్లకు నెలల తరబడి జీతాలు లేవు, ఇచ్చినప్పుడూ వారి చేతికి వచ్చినవి భవిష్యత్తు పన్నుల మీద ఆధారపడిన పత్రాలే. 1933 ఏప్రిల్‌లో వారు నగరంలోని పెద్ద బ్యాంకుల్లోకి చొరబడి నిరసన తెలిపారు. ప్రైవేటు బ్యాంకులను నమ్మలేనివారు పోస్టాఫీసును నమ్మారు: 1911లో మొదలైన తపాలా పొదుపు ఖాతాల్లో 1929 నాటికి సుమారు 15 కోట్ల డాలర్లుంటే, 1933కి అవి 120 కోట్లు దాటాయి. ప్రభుత్వం పూచీ ఉన్నచోట జనం డబ్బు దాచుకుంటారన్నదానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

పల్లెల్లో పోరాటం వేరే రూపం తీసుకుంది. అయోవా, నెబ్రాస్కాలలో అప్పు కట్టలేని రైతు ఆస్తిని వేలం వేస్తే చుట్టుపక్కల రైతులంతా వచ్చి నిలబడేవారు. ఆవుకు కొన్ని సెంట్లు, నాగలికి కొన్ని సెంట్లు పాడి, ఆ వస్తువులన్నీ మళ్లీ యజమానికే అప్పగించేవారు. ఎక్కువ పాడబోయిన బయటివాడికి దూలానికి వేలాడే ఉరితాడును చూపించేవారు. 1933 ఏప్రిల్‌లో అయోవాలోని లెమార్స్‌లో ఒక గుంపు జప్తు ఉత్తర్వుల మీద సంతకం పెట్టబోనని మాట ఇవ్వనందుకు న్యాయమూర్తినే కోర్టులోంచి ఈడ్చుకెళ్లి మెడకు తాడు బిగించింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు, ఆ జిల్లాలో సైనిక పాలన విధించారు. అప్పటికే అయోవా, మిన్నెసోటా రాష్ట్రాలు తాకట్టు భూముల జప్తును తాత్కాలికంగా ఆపుతూ చట్టాలు చేశాయి.

1933 ఫిబ్రవరి 14న మిషిగన్ గవర్నరు రాష్ట్రంలోని బ్యాంకులన్నిటినీ మూసేయమన్నాడు. అది చూసి ఇతర రాష్ట్రాల్లో జనం బ్యాంకులకు పరిగెత్తారు, ఆ రాష్ట్రాలూ మూసేశాయి. మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణస్వీకారం చేసే సమయానికి దేశంలోని శ్రామికుల్లో దాదాపు నాలుగోవంతు మందికి పని లేదు, బ్యాంకు వ్యవస్థ దాదాపు స్తంభించిపోయింది. ఆయన మార్చి 6 నుంచి దేశవ్యాప్తంగా బ్యాంకులకు సెలవు ప్రకటించాడు. ఆ వారం న్యూయార్క్‌లో ఒక బాక్సింగ్ పోటీకి టిక్కెట్టు డబ్బుకు బదులు 50 సెంట్ల విలువైన వస్తువు ఏదైనా సరే పుచ్చుకున్నారు. మార్చి 12 రాత్రి రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడుతూ, బ్యాంకులు ఎలా పనిచేస్తాయో, తనిఖీ అయిన బ్యాంకులే ఎందుకు తెరుచుకుంటాయో తేలిక మాటల్లో వివరించాడు. మర్నాడు తెరుచుకున్న బ్యాంకుల ముందు మళ్లీ వరుసలు కట్టారు, ఈసారి డబ్బు వేయడానికి.

ఇంత జరిగినా డిపాజిట్ బీమాకు రూజ్‌వెల్ట్ మొదట సుముఖంగా లేడు. బలహీన బ్యాంకుల తప్పులకు బలమైన బ్యాంకులు మూల్యం చెల్లించాల్సి వస్తుందన్నది ఆయన అభ్యంతరం. బ్యాంకర్ల సంఘమూ ఇదే మాట మీద గట్టిగా ఎదిరించింది. అంతకు ముందు దాదాపు అర్ధశతాబ్దంలో ఇలాంటి బిల్లులు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందుకు సుమారు 150 సార్లు వచ్చి వీగిపోయాయి. అలబామాకు చెందిన హెన్రీ స్టీగల్ వంటి గ్రామీణ ప్రతినిధుల పట్టుదల, సొమ్ము పోగొట్టుకున్న జనం ఆగ్రహం కలిసి 1933 జూన్ 16న ఆ బిల్లును చట్టం చేయించాయి. బీమా 1934 జనవరి 1న 2,500 డాలర్ల పరిమితితో మొదలై, జులైలో 5,000కు పెరిగింది. 1933లో దాదాపు 4,000 బ్యాంకులు మూతపడితే, 1934లో కూలిన బీమా బ్యాంకులు తొమ్మిది. ఓక్లహోమా నిధికి లేనిది, దీనికి ఉన్నది దేశమంత విస్తృతి.

బ్యాంకులు నిలబడ్డాయి గానీ ఉద్యోగాలు వెంటనే తిరిగి రాలేదు; నిరుద్యోగం రెండో ప్రపంచ యుద్ధకాలం వరకూ ఎక్కువగానే కొనసాగింది. అసలు దాచుకునేందుకే ఏమీ లేనివారికి బీమా వల్ల ఒరిగిందీ తక్కువే. వారి కోసం అన్నట్టుగా 1935 ఆగస్టులో వచ్చిన సామాజిక భద్రత చట్టం, వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని వృద్ధాప్య పెన్షన్ పరిధి నుంచి వదిలేసింది. దక్షిణ రాష్ట్రాల నల్లజాతి శ్రామికుల్లో ఎక్కువమంది చేసేవి ఈ రెండు పనులే. 1950, 1954 సవరణలు వచ్చే వరకు వారిలో చాలామంది ఆ చట్టానికి వెలుపలే ఉండిపోయారు.