లోహాన్ని పట్టే బూజు: ప్రయోగశాల దాటని శక్తి

కలుషిత జలాల్లోని సీసం, కాడ్మియం, క్రోమియం వంటి భార లోహాలను శిలీంధ్రాలతో, అంటే బూజు వంటి వాటితో, తొలగించవచ్చన్న వార్త పత్రికల్లో తరచూ కొత్త ఆవిష్కరణగా కనిపిస్తుంది. నిజానికి ఇది పాత సంగతి. బూజుకు లోహాన్ని పట్టే శక్తి ఉందా అన్న ప్రశ్నకు నలభై ఏళ్ల కిందటే గట్టి జవాబు దొరికింది. ఆ శక్తి ప్రయోగశాల గడప దాటి మురికి వాగుల దాకా ఎందుకు రాలేదన్నదే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న.

బూజుకూ విషలోహాలకూ ఉన్న సంబంధం మొదట బయటపడింది నీటిలో కాదు, ఇంటి గోడల మీద. 19వ శతాబ్దపు యూరప్‌లో గోడలకు అంటించే రంగు కాగితాల్లో ఆర్సెనిక్‌తో చేసిన ఆకుపచ్చ రంగులు విరివిగా వాడేవారు. చెమ్మ పట్టిన గదుల్లో నివసించేవాళ్లు అకారణంగా జబ్బుపడేవారు. 1890వ దశకంలో ఇటలీ వైద్యుడు బార్తొలొమియో గోసియో ఆర్సెనిక్ కలిపిన బంగాళాదుంప ముద్దను నేలమాళిగలో ఉంచాడు. దాని మీద పెరిగిన బూజు వెల్లుల్లి వాసన వేసే వాయువును వదిలింది. ఆ వాయువు ట్రైమిథైల్ ఆర్సైన్ అని 1930వ దశకం మొదట్లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ ఛాలెంజర్ తేల్చాడు. ప్రాణులను చంపే ఆర్సెనిక్‌ను ఒక బూజు తనలోకి తీసుకుని, రూపం మార్చి బయటికి వదలగలదని అలా రుజువైంది. అప్పట్లో దాన్ని ప్రమాదంగానే చూశారు. ఉపాయంగా చూడటానికి చాలా కాలం పట్టింది.

ఆ చూపు మారడానికి జపాన్ విషాదాలు ఒక కారణం. 1956లో మినమాత వద్ద బయటపడిన వ్యాధికి ఫ్యాక్టరీ వదిలిన మిథైల్ పాదరసం కారణమని తేలింది. జింజు నది పరీవాహకంలో గని నుంచి వచ్చిన కాడ్మియం వరిపొలాల మీదుగా మనుషుల ఎముకల్ని గుల్ల చేసింది. అది కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధేనని జపాన్ ప్రభుత్వం 1968లో అధికారికంగా ఒప్పుకుంది. లోహాలతో వచ్చే చిక్కు అదే. మురుగులోని సేంద్రియ పదార్థం కుళ్లి, విరిగి మాయమవుతుంది. లోహం విరగదు. ఒక చోట తీస్తే మరో చోట ఉండి తీరుతుంది.

ఫ్యాక్టరీలు అప్పటికీ ఇప్పటికీ ఎక్కువగా నమ్ముకున్నది సున్నాన్ని. సున్నం వేస్తే లోహాల్లో చాలా భాగం హైడ్రాక్సైడ్లుగా మారి అడుగున మడ్డిగా దిగుతుంది. చవక పద్ధతే. కానీ లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు మిగిలిన దశకు వచ్చేసరికి సున్నం పని నెమ్మదిస్తుంది. తాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు మించరాదని, సీసం 0.01 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం చెబుతోంది. అంత లోతుకు దిగాలంటే నీటిలోని లోహాన్ని తమలోకి లాక్కునే అయాన్ మార్పిడి రెసిన్లు కావాలి. వాటి ఖరీదు చిన్న పరిశ్రమలు భరించలేవు. బూజు మీద ఆశ పుట్టింది ఈ ఖాళీలోనే.

మలుపు 1981లో వచ్చింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మారియోస్ సెజోస్, బొహుమిల్ వొలెస్కీ కలిసి రైజోపస్ అర్రైజస్ అనే బూజును పరీక్షించారు. రొట్టె మీద నల్లగా పట్టే బూజుకు ఇది దగ్గరి బంధువు. గ్రాము ఎండు బూజు 180 మిల్లీగ్రాములకు పైగా యురేనియాన్ని పట్టింది. అందులో విశేషం, ఆ బూజు చచ్చిన బూజు. బతికిన బూజుకు మేత వేయాలి, విషం ఎక్కువైతే అది చస్తుంది. చచ్చినదానికి ఆ బెడద లేదు. పని చేసేది దాని ప్రాణం కాదు, కణ గోడ. రొయ్య పెంకులో ఉండే కైటిన్ శిలీంధ్రాల కణ గోడల్లోనూ ఉంటుంది. అందులోని నైట్రోజన్ దగ్గర యురేనియం అతుక్కుంటుందని, అలా అతుక్కున్న చోట మరింత యురేనియం పేరుకుంటుందని వాళ్లు మరుసటి ఏడాది వివరించారు.

ముడిసరుకుకు కొదవ ఉండదనీ అనుకున్నారు. నిమ్మ ఉప్పుగా మనకు తెలిసిన సిట్రిక్ ఆమ్లాన్ని ఆస్పెర్జిల్లస్ నైజర్ అనే నల్ల బూజుతో తయారుచేయవచ్చని 1917లో జేమ్స్ కరీ చూపాడు. ఆ తర్వాత పుట్టిన పరిశ్రమ ఆమ్లాన్ని తీసుకుని బూజును చెత్తగా పారేస్తుంది. ఆ చెత్తతో విషాన్ని తీస్తే ఖర్చేముంది? కెనడాలోనే రెజైనా విశ్వవిద్యాలయంలో కపూర్, వీరరాఘవన్ 1990వ దశకంలో ఈ నల్ల బూజు మీద వరుసగా పనిచేశారు. పద్ధతి వినడానికి వంటింటి పనిలాగే ఉంటుంది. పెరిగిన బూజును కడిగి, కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి, మళ్లీ బాగా కడిగి, ఎండబెట్టి పొడి చేస్తారు. సోడాలో ఉడికినప్పుడు గోడను కప్పి ఉన్న ప్రోటీన్ల వంటివి ఊడిపోయి, లోహం అతుక్కునే చోట్లు బయటపడతాయి. ఆ పొడిని సీసం, కాడ్మియం, రాగి కలిసిన నీటిలో వేసి తిప్పితే లోహం పొడికి అంటుకుంటుంది. తర్వాత పలుచని ఆమ్లంతో కడిగితే లోహం విడిపోతుంది, పొడి మళ్లీ పనికొస్తుంది.

మరి ఎక్కడ ఆగింది? ఒంటారియోలోని ఎలియట్ లేక్ యురేనియం గని నీటి మీద 1980వ దశకంలోనే పైలట్ (చిన్న స్థాయి) ప్రయోగాలు జరిగాయి. ఉత్తర అమెరికాలో నాచు, బ్యాక్టీరియాలతో వాణిజ్య పదార్థాలూ వచ్చాయి. ఏవీ నిలదొక్కుకోలేదు. వట్టి పొడిని గొట్టంలో నింపి నీరు పంపితే అది ఉబ్బి, ముద్దకట్టి, నీటిని అడ్డుకుంటుంది. గుళికలుగా చేయడానికి పట్టే ఖర్చుతో చెత్త చవకదనమంతా కొట్టుకుపోతుంది. చెత్త ఇస్తామన్న ఫ్యాక్టరీ ఏటా ఒకే నాణ్యతతో ఇస్తుందన్న భరోసా లేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, అసలు మురికినీరు ప్రయోగశాల నీరు కాదు. కాల్షియం, సోడియం, ఇతర లోహాలన్నీ ఆ అతుక్కునే చోట్ల కోసం పోటీపడతాయి. ఒక్క లోహాన్ని శుద్ధజలంలో కలిపి కొలిచిన అంకెలు అక్కడ నిలవవు.

ఈ తొందర అంచనాల్లో ఇంకో పొరపాటూ ఉంది. నీటికి పసుపు రంగునిచ్చే ఆరు వేలన్సీ క్రోమియం (ఆ లోహపు ఎక్కువ విషపు రూపం) బూజుకు అతుక్కుని పోతోందని చాలాకాలం రాశారు. బూజు దాన్ని తక్కువ హానికరమైన మూడు వేలన్సీ రూపంలోకి మారుస్తోందని 2005లో దక్షిణ కొరియా పరిశోధకులు చూపారు. రంగు పోయినంత మాత్రాన క్రోమియం నీటిలోంచి పోయినట్టు కాదు. మన పొరుగున తమిళనాడులోని రాణిపేటలో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిన వ్యర్థాల గుట్టల దగ్గర ఈ తేడాకు చాలా విలువ ఉంది.

మన దగ్గర పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వ్యర్థాల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. నక్కవాగు ఆ నీటిని మంజీరకు మోసింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిలో భార లోహాలు పేరుకున్న తీరును 2001లో ప్రచురించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించిన 43 సముదాయాల్లో పటాన్‌చెరు, బొల్లారంతో పాటు విశాఖపట్నం కూడా ఉంది. మందుల పరిశ్రమల నుంచి వచ్చే ఆ నీటిలో లోహాల కన్నా లవణాలు ఎన్నో రెట్లు ఎక్కువ. బూజును ఓడించేది సరిగ్గా అలాంటి నీరే. వ్యర్థాలన్నీ ఒకటిగా కలవకముందే, ఒక్కో ఫ్యాక్టరీ, లోహపు పూత వేసే ఒక్కో ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు నీరు వదిలే గొట్టం దగ్గరే బూజును పెడితే దానికి గెలిచే అవకాశం ఉంటుంది. అక్కడ కూడా పొడిని కడిగిన ఆమ్లంలోని లోహాన్ని తిరిగి వాడుకునే ఏర్పాటు ఉండాలి. లేదంటే లోహం నిండిన బూజు ప్రమాదకర వ్యర్థంగా దుండిగల్ పూడ్చివేత కేంద్రానికి పోవాల్సిందే.