కాపీ చేసిన ఆధార్ నంబరు ఎక్కడికి పోతోంది? ఆండ్రాయిడ్ 10 నాటి ఒక మినహాయింపు కథ

తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలైన ప్రతిసారీ తిరుపతి నెట్ సెంటర్లలో ఒక తగువు మళ్లీ లేస్తుంది. టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి కాబట్టి ఇంటిల్లిపాది పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ముందే వాట్సాప్‌లో తెప్పించుకుని, బుకింగ్ తెరుచుకోగానే కాపీ, పేస్ట్ కొట్టుకుంటూ పోవడం ఇక్కడ అందరికీ అలవాటే. ఒక కస్టమరు పొద్దున్నే కాపీ చేసి పెట్టుకున్న నంబరు తీరా టైమొచ్చేసరికి పేస్ట్ కావడం లేదని టెన్షన్ పడతాడు. ఇంకొకామె సెంటరువాళ్ల ఫోన్లో కీబోర్డు మీది క్లిప్‌బోర్డు (కాపీ చేసినది పేస్ట్ చేసేదాకా ఫోను ఉంచే చోటు) గుర్తు నొక్కగానే తనకంటే ముందొచ్చినవాళ్ల ఆధార్ నంబర్లు వరసగా కనబడ్డాయని, తనదీ ఇట్లాగే ఇంకొకరి కంట పడుతుంది కదా అని నిలదీస్తుంది.

ఒకరిది పోయిందన్న ఫిర్యాదు, ఇంకొకరిది పోలేదన్న ఫిర్యాదు. రెండూ నిజమే. రెండింటి కథా 2019లో ఆండ్రాయిడ్‌లో చేసిన ఒక మార్పుతోనే మొదలవుతుంది. కాపీ పేస్ట్ ఎవరు కనిపెట్టారు, తొలి ఐఫోన్లో ఆ సదుపాయం ఎందుకు లేదు అన్నవి చాలాసార్లు వచ్చిన కథలే, వాటి జోలికి పోవడం లేదు.

2019 సెప్టెంబరు 3న గూగుల్ విడుదల చేసిన ఆండ్రాయిడ్ 10లో క్లిప్‌బోర్డుకు కొత్త నిబంధన వచ్చింది. తెర మీద వాడకంలో ఉన్న యాప్ మాత్రమే కాపీ చేసిన సమాచారాన్ని చదవగలదు, వెనకాల నడిచే యాప్‌లు చదవలేవు. దీనికో మినహాయింపు కూడా పెట్టారు. ఫోన్లో డిఫాల్ట్‌గా ఎంచుకున్న కీబోర్డు ఎప్పుడైనా చదవవచ్చు. నెట్ సెంటర్లో ఆమె గొడవకు మూలం ఈ మినహాయింపే.

అంతకుముందు అసలు కాపలా లేదు. కాంటాక్టులు చూడాలంటే యాప్ అనుమతి అడగాలి, కెమెరా వాడాలన్నా అడగాలి. క్లిప్‌బోర్డు చదవడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. పైగా 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0లో ఇంకో ఏర్పాటు చేశారు. క్లిప్‌బోర్డులో ఏదైనా మారగానే నాకు కబురు చెయ్యి అని ఏ యాపైనా సిస్టమ్‌కు చెప్పి పెట్టుకోవచ్చు. కాపీ చేసినవన్నీ దాచిపెట్టి మళ్లీ చూపించే క్లిప్‌బోర్డు మేనేజర్ యాప్‌లు బతికింది దీని మీదే. దొంగ యాప్‌లు బతికిందీ దీని మీదే.

ప్రమాదం ఎవరికీ తెలియక కాదు. పాస్‌వర్డులు దాచే యాప్‌లు కూడా వాటిని క్లిప్‌బోర్డు మీదుగా పంపుతున్నాయని, ఏ యాపైనా వాటిని ఎత్తుకోవచ్చని జర్మనీలోని హానోవర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లోనే చూపించారు. ఆరేళ్లు ఏమీ జరగలేదు. 2019 ఫిబ్రవరిలో సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ ఒక నకిలీ యాప్‌ను సాక్షాత్తూ గూగుల్ ప్లే స్టోర్లోనే పట్టుకుంది. క్రిప్టో కరెన్సీ దాచుకునే మెటామాస్క్ అనే వాలెట్ పేరు పెట్టుకున్న ఆ యాప్, మనం కాపీ చేసిన క్రిప్టో వాలెట్ చిరునామాను తీసేసి దొంగ చిరునామా పెట్టేది. అక్షరాలు, అంకెలు కలగలిసిన అంత పొడవాటి చిరునామాను సరిచూసుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? పేస్ట్ కొట్టి డబ్బు పంపేస్తారు.

గూగుల్ వాదన ఇక్కడితో పూర్తవుతుంది: వినియోగదారుల గోప్యత కోసం తలుపు మూశాం. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయితే తలుపు మూసిన తీరు గురించి అవతలివాళ్లు, అంటే యాప్‌లు తయారుచేసే డెవలపర్లు, చెప్పేది కూడా వినాలి. మన దగ్గర దాన్ని రాసినవాళ్లు తక్కువ.

వెనకాల ఉన్న యాప్ క్లిప్‌బోర్డు అడిగితే ఆండ్రాయిడ్ 10 నీకు అనుమతి లేదని చెప్పదు. అక్కడేమీ లేదని చెబుతుంది. కోడులో ఆ జవాబు ‘నల్’, అంటే ఖాళీ. యాప్ దృష్టిలో వినియోగదారుడు ఏమీ కాపీ చేయనట్టే. మార్పు కబురూ ఆగిపోతుంది. యాక్సెస్ నిరాకరించామన్న ఒక్క వాక్యం మాత్రం సిస్టమ్ లాగ్‌లో, అంటే ఫోను తన పనులు తనే రాసుకునే చిట్టాలో పడుతుంది, దాన్ని చూసేది ఇంజినీర్లే. ఇక అనుమతి అడిగే దారి ఉందా? బ్యాక్‌గ్రౌండులో క్లిప్‌బోర్డు చదివే అనుమతి అంటూ ఒకటి కోడులో రాశారు గానీ, దాన్ని సిస్టమ్‌లో భాగమైన యాప్‌లకే పరిమితం చేశారు. బయటి డెవలపర్‌కు అది ఇవ్వాలని ఫోను కొనుక్కున్న యజమాని అనుకున్నా సెట్టింగ్స్‌లో ఎక్కడా దొరకదు. లొకేషన్‌కు, మైకుకు ఉన్న ‘అనుమతించు, నిరాకరించు’ అన్న ప్రశ్న దీనికి లేకుండా పోయింది.

నెట్ సెంటర్లవాళ్ల పాత పద్ధతి చెడింది అక్కడే. ఒక కుటుంబానివన్నీ వరసగా కాపీ చేసుకుంటే క్లిప్‌బోర్డు మేనేజర్లో జాబితాగా ఉండేవి, ఒక్కోటి నొక్కుతూ ఫారం నింపేవాళ్లు. పని కాగానే ఆ కుటుంబం జాబితా మొత్తం ఒకేసారి తుడిచేయవచ్చు. ఆండ్రాయిడ్ 10 ఫోనుకు మారాక అదే యాప్ తెరిస్తే ఖాళీ. ‘యాడికి పోయినాయన్నా నంబర్లు?’ అని కస్టమరు అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. యాప్ చెడిపోయిందనుకుని ప్లే స్టోర్లో ఒక స్టారు ఇచ్చి పోయినవాళ్లే ఎక్కువ. తిట్లు పడింది డెవలపర్లకు, రూలు పెట్టింది గూగుల్.

కొందరు డెవలపర్లు పట్టుదలగా పక్కదారి వెతికారు. ఫోన్నీ కంప్యూటర్నీ కలిపే కేడీఈ కనెక్ట్ యాప్ ఉపాయం చెప్పుకోదగ్గది. నిరాకరించామని సిస్టమ్ లాగ్‌లో పడే ఆ ఒక్క వాక్యం కోసమే ఇది కాచుకుని కూర్చునేది. వాక్యం పడిందంటే ఎవరో ఏదో కాపీ చేశారన్నమాట. వెంటనే కంటికి కనిపించని ఒక కిటికీని క్షణకాలం తెర మీద తెరిచి, నేనిప్పుడు తెర మీదే ఉన్నానని క్లిప్‌బోర్డు చదువుకుని మూసేసేది. ఇది పనిచేయాలంటే ఫోన్ను కంప్యూటర్‌కు తగిలించి కమాండ్లు టైప్ చేసి లాగ్ చదివే అనుమతి ఇవ్వాలి. ఇంత తతంగం గాంధీరోడ్డు మొబైల్ షాపులో ఎవరు చేస్తారు? 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చాక లాగ్ చదవాలంటే వినియోగదారుణ్ని అడిగే పెట్టె కూడా పెట్టారు, ఆ దారీ ఇరుకైంది.

ఇంకో విషయం. మూసింది చదివే తలుపు ఒక్కటే. తెర మీద లేని యాప్ క్లిప్‌బోర్డులో కొత్తగా రాయడానికి ఆండ్రాయిడ్ 10లోనూ అడ్డు లేదు. రాయడానికి తెర మీద ఉండనక్కర్లేదని కోడులోనే వ్యాఖ్య రాసి ఉంది. ఆ యాప్‌కు ఏం కాపీ చేశారో కనబడదు కాబట్టి గుడ్డిగా మార్చాల్సిందే, అంతవరకు మేలే.

2020 జూన్‌లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14 ప్రయోగాత్మక వెర్షన్ (బీటా) వచ్చి, టిక్‌టాక్ మాటిమాటికీ క్లిప్‌బోర్డు చదువుతోందని బయటపెట్టినప్పుడు పెద్ద గోల జరిగింది. స్పామ్ ఆపడానికే అలా చేశామని, తీసేస్తున్నామని ఆ కంపెనీ చెప్పింది. అదే నెల 29న మన కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించడంతో ఇక్కడ ఆ చర్చ కాస్తా చైనా చర్చగా మారిపోయింది. క్లిప్‌బోర్డు చరిత్ర అంటే చాలామంది ఈ ఘట్టాన్నే చెబుతారు. హడావిడి దానిదే గానీ, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎవరు చదవాలో ఎవరు చదవకూడదో అప్పటికే తేలిపోయింది.

తర్వాతి మార్పులన్నీ 2019 నాటి గీత మీదే నడిచాయి. 2021లో ఆండ్రాయిడ్ 12, ఒక యాప్ ఇంకో యాప్‌లో కాపీ చేసినదాన్ని చదివితే తెర కింద చిన్న సందేశం చూపించడం మొదలుపెట్టింది. కీబోర్డు చదివితే ఆ సందేశం రాదు, దాన్ని లెక్కలోంచి మినహాయించారు. ఆండ్రాయిడ్ 13లో క్లిప్‌బోర్డు దానంతటదే ఖాళీ అయ్యే ఏర్పాటు వచ్చింది. కోడులో దానికి పెట్టిన గడువు 36,00,000 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా గంట. ఎనిమిదింటికి కాపీ చేసుకుని పదింటి దాకా ఎదురుచూసే కస్టమరు నంబరు పోయేది ఇందుకే. అదే వెర్షన్లో, కాపీ చేసినది రహస్యమైనదని యాప్ ఒక గుర్తు పెట్టే వీలు కూడా ఇచ్చారు. ఆ గుర్తు ఉంటే తెర మూలన వచ్చే ప్రివ్యూలో అక్షరాలు దాచేస్తారు. కీబోర్డు మాత్రం దాన్ని చూసి తన చిట్టాలో రాసుకోకుండా ఉండాలా వద్దా అన్నది కీబోర్డు తయారుచేసినవాళ్ల ఇష్టం.

సిస్టమ్ క్లిప్‌బోర్డులో ఒకసారికి ఒక్కటే నిలుస్తుంది, గంటకు అదీ పోతుంది. కీబోర్డు దాన్ని చదివి తన సొంత చిట్టాలో రాసుకుంటే అది వేరే ప్రతి. దాని మీద సిస్టమ్ గడియారానికి అధికారం లేదు. గూగుల్ సొంత కీబోర్డు జీబోర్డు పిన్ చేయనివాటిని గంటే ఉంచుతుంది. అన్ని కీబోర్డులూ అలా లేవు. శాంసంగ్ ఫోన్లలో కాపీ చేసిన పాస్‌వర్డులు క్లిప్‌బోర్డు చిట్టాలో మామూలు అక్షరాల్లోనే నిలిచిపోతున్నాయని ఒక వినియోగదారుడు లేవనెత్తితే, వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ లేదని 2025లో ఆ కంపెనీ తరఫునే ఒప్పుకున్నారు.

తెర మీదున్న యాప్‌ను నమ్మవచ్చన్న లెక్క కూడా పూర్తిగా నిలబడలేదు. షీన్ షాపింగ్ యాప్ పాత వెర్షన్ ఒకటి, క్లిప్‌బోర్డులో డాలరు గుర్తు, వెబ్ చిరునామా లాంటివి కనిపిస్తే ఆ సమాచారాన్ని సర్వరుకు పంపేదని మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో వివరించింది. గూగుల్‌కు చెప్పాక 2022లోనే దాన్ని తీసేయించారు. బయటివాళ్లను ఇలా పట్టుకుంటున్నారు సరే, కీబోర్డుల సంగతి ఎవరు చూస్తారు? ప్రధాన కీబోర్డుల్లో చాలావరకు తయారుచేసేది గూగుల్, ఫోన్ల కంపెనీలే. 2019 దాకా క్లిప్‌బోర్డు మేనేజర్లు చేసిన పనినే ఇప్పుడు వాళ్ల కీబోర్డులు చేస్తున్నాయి, ఏ అనుమతీ అడగకుండా.

కాబట్టి నెట్ సెంటర్లో ఆమె చూసినది హ్యాకింగ్ కాదు. సెంటరువాళ్లు కావాలని దాచుకున్న జాబితా కూడా కాకపోవచ్చు. ఆ ఫోన్లోని కీబోర్డు తన హక్కును వాడుకుంది, అంతే. జాబితా కనిపించినచోట ఒక్కో నంబరును వేలితో నొక్కిపట్టి తీసేయవచ్చు. చాలా కీబోర్డుల్లో క్లిప్‌బోర్డు చిట్టాను ఆపేసే మీట కూడా ఉంటుంది. సెంటర్లవాళ్లకు ఇది తెలియక కాదు. ఆపేస్తే ఒక కుటుంబం నంబర్లు ఒక్కోటి వాట్సాప్‌లోకి వెళ్లి తెచ్చుకోవాలి, ఆలోపు స్లాట్లు నిండిపోతాయి. అందుకని కోటా రోజున దాన్ని ఎవరూ ముట్టుకోరు.