ఎవరి అవసరానికో పడిన బాటలు: నల్లమలలో వినోద వాహనాల నేపథ్యం

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. రాత్రి తొమ్మిది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు అక్కడ రాకపోకలు నిలిపివేస్తారు. తక్కిన వేళల్లో ఆ తారు దారి అందరిదీ. దానికి ఇరుపక్కలా అడవిలోకి చీలిపోయే మట్టిబాటల సంగతి వేరు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండ్లు నగరంలో పెరిగిన కొద్దీ, వాటి సత్తా చూసుకోవడానికి ఇలాంటి బాటలు వెతికే సరదా కూడా పెరిగింది. ఆఫ్‌రోడింగ్ అని పిలిచే ఈ సరదాపై వాదన వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: బాట ముందే ఉంది కదా, మేం కొత్తగా వేసిందేమిటి? ఆ బాటలు ఎప్పుడు, ఎవరి కోసం పడ్డాయో చూడకుండా ఈ మాటకు జవాబు చెప్పడం కష్టం.

మొదటివి చెంచుల కాలిబాటలు. పెంట అని పిలిచే తమ గూడెం నుంచి మరో పెంటకు, చెలమకు, తేనెపట్టు ఉన్న గుట్టకు వెళ్లే ఆ దారులు ఒక మనిషి వెంట మరొకరు నడిచేంత వెడల్పు మాత్రమే ఉంటాయి, నాలుగు వానాకాలాలు ఎవరూ నడవకపోతే గడ్డిలో కలిసిపోతాయి. తర్వాత వచ్చింది వేట. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఎవరి వల్ల వచ్చిందో ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పులి వేటలో పేరుమోసినవాడు. నిజాంల వేట విడిదికి గుర్తుగా ఫరహాబాద్‌లో శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. వేటకు పరివారం, సామాను, డేరాలు కావాలి, వాటికి బండి దారి కావాలి. ఆ తర్వాత కలప, వెదురు నరికే చోట్లయిన కూపులకు లారీలు తిరిగే బాటలు పడ్డాయి. శ్రీశైలం ఆనకట్ట పనులతో అడవి అంచుల్లో రాకపోకలు ఇంకా పెరిగాయి. చివరగా అటవీ శాఖ తన గస్తీ కోసం, వేసవి మంటలను అడ్డుకునే ఫైర్ లైన్ల కోసం మరికొన్ని బాటలు వేసింది. వీటిలో ఏ ఒక్కటీ విహారం కోసం పడలేదు. కొన్నింటి పని ముగిసి ఏళ్లు గడిచాయి, ఎవరూ కదిలించకపోతే అవి మెల్లగా అడవిగా మారిపోయేవే.

జీపు కథ ఇంకోచోట మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన ఆ బండిని స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే మహీంద్రా సంస్థ బొంబాయిలో బిగించడం ప్రారంభించింది. చాలాకాలం అది సర్కారు బండి. ఊళ్లో ‘జీపు వచ్చింది’ అంటే పోలీసులో, అటవీ అధికారులో, ఎన్నికల వాళ్లో వచ్చారని అర్థం, అంతేగాని ఎవరో షికారుకు వచ్చారని కాదు. 1985లో మారుతి జిప్సీ, 2010లో మహీంద్రా థార్, 2020లో దాని కొత్త రూపం వచ్చాక ఇదే తరహా బండి ఉద్యోగస్తుల ఇళ్ల ముందుకు చేరింది. అవసరం లేని చోటికి వెళ్లగలగడమే దాని ప్రత్యేకతగా ప్రకటనలు చెబుతూ వచ్చాయి.

చట్టం విషయంలో 1972 గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 11644వ నంబరు ఉత్తర్వు జారీ చేసి, ప్రభుత్వ భూముల్లో వినోద వాహనాలు ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ తిరగరాదో గుర్తించాలని ఆదేశించారు. అది చాలక 1977లో అధ్యక్షుడు కార్టర్, నష్టం కనిపించిన చోట బాటలను వెంటనే మూసివేసే అధికారాన్ని ఆ ఉత్తర్వుకు చేర్చారు. అదే 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేనిదే ఎవరూ ప్రవేశించరాదు. అయితే ప్రజా రహదారి మీదుగా సాగిపోయేవారికి మినహాయింపు ఉంది. 28వ సెక్షన్ కింద పర్యాటకానికీ అనుమతి ఇవ్వవచ్చు. అంటే శ్రీశైలం వెళ్లేవారి హక్కు తారు దారి వరకే, చక్రం పక్కబాటలోకి దిగిన క్షణం నుంచి అనుమతి పత్రం కావాలి. మాటల్లో ఇది అమెరికా ఉత్తర్వు కంటే కఠినమైనదే. కాని చట్టం రాసినవారి మనసులో ఉన్నది వేటగాడు, కలప దొంగ, మేతకు తోలిన మంద. సరదాకు బురదలో బండి దించే మనిషిని ఆనాడు మన దగ్గర ఎవరూ ఊహించలేదు. అందుకే అతని చేతిలో తుపాకీ, గొడ్డలి లేకపోతే తప్పు జరిగినట్టే తోచని పరిస్థితి చాలాకాలం కొనసాగింది.

ఈ అడవి 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్‌గా ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు ఉన్న భాగం 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న దీని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశవ్యాప్తంగా పులుల అడవుల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు 2012 జూలైలో నిలిపివేసి, కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించాక అక్టోబరులో షరతులతో అనుమతించింది. ఫరహాబాద్ వైపు అటవీ శాఖ వాహనాల్లో సాగే సఫారీ అలా నియమాలకు లోబడిన పర్యాటకం. సొంత బండి, సొంత దారి అనేది అందులో ఇమడదు.

ఒకటీ అరా బండి వెళితే ఏమవుతుందన్న సందేహం సహజమే. నష్టం బండ్ల లెక్కను బట్టి సమానంగా పెరగదన్నది ఇక్కడ తెలుసుకోవలసిన విషయం. వదులుగా ఉన్న నేల ఎక్కువగా అణిగిపోయేది మొదటి కొన్నిసార్లు చక్రం తిరిగినప్పుడే. టన్నున్నరకు పైబడిన బరువు కింద మట్టిరేణువుల మధ్య ఉండే సందులు మూసుకుపోతాయి. ఆ సందుల్లోనే గాలి, నీరు, లేత వేళ్లు ఉంటాయి. ఇంకని వాన నీరు చక్రాల జాడనే కాలువగా చేసుకుని పారుతుంది, గుట్ట వాలులో అది రెండు మూడు వానలకే గండిగా మారుతుంది. గుంత పడిన చోట తర్వాతి బండి పక్కనుంచి వెళుతుంది, దాని తర్వాతిది ఇంకా పక్కనుంచి. ఒక బాట నాలుగు పాయలయ్యేది అలాగే. అమెరికాలోని మొహావీ ఎడారిలో 1942లో సైనిక శిక్షణ కోసం తిరిగిన ట్యాంకుల జాడలు ఇప్పటికీ చెరగలేదు. నల్లమల ఎడారి కాదు, వానకు మళ్లీ చిగురించే ఆకురాల్చే అడవి. అయినా రాతి మీద పలుచగా పరుచుకున్న మట్టి కొట్టుకుపోయిన చోట చిగురుకు ఆధారం ఉండదు. పైగా టైర్ల బురదలో అంటుకొచ్చే వయ్యారిభామ లాంటి కలుపు గింజలు ముందుగా మొలిచేది కూడా అలా గీరుకుపోయిన అంచుల్లోనే. ఎండాకాలంలో వాగు అడుగున మిగిలే మడుగులు జంతువులకు ప్రాణాధారం, బండ్ల వారికి అవే నచ్చిన చోట్లు. కౌజులు, నెమళ్లు గుడ్లు పెట్టేది నేల మీదేనన్నది బండిలో కూర్చున్నవారికి గుర్తుండదు.

చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతర ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగదు. ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ వేల మంది లోయలోకి దిగే ఆ రోజుల్లో ఎన్నో వాహనాలు అడవి బాటల్లో వెళతాయి. వారికి లేని అడ్డు మాకెందుకని ఆఫ్‌రోడింగ్ అభిమానులు అడుగుతారు. తరతరాల మొక్కునూ వారాంతపు సరదానూ ఒకే గాటన కట్టడం నాకు సరైనదిగా తోచదు. అయితే చక్రం కింద నేల ఆ తేడా చూడదన్నదీ నిజమే; జాతర రోజులను కుదించి, రాకపోకలను అదుపులో పెట్టడం వెనుక ఉన్నది ఆ ఎరుకే.

టైగర్ రిజర్వ్‌కు కనీసం గేట్లున్నాయి. పాత నల్లగొండ జిల్లాలోని రాచకొండ గుట్టలకు, పాలమూరు పొడవునా ఉన్న తుప్ప అడవులకు అవీ లేవు. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా చొరబడడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరమే అయినా, పులి లేని చోటును అడవిగా లెక్కించే అలవాటు మనకు తక్కువ. నగరానికి దగ్గర కావడం వల్ల సరదా బండ్లకు ఇవే మరింత అందుబాటులో ఉన్నాయి. ఆక్రమణలను ఆపడానికి అడవి అంచుల్లో కందకాలు తవ్వే పద్ధతి తెలంగాణలో ఉంది. ట్రాక్టరును ఆపగలిగిన ఆ కందకం, ఈ బండ్ల వారికి దాటి చూపించవలసిన పరీక్షలా కనిపిస్తుంది.