చిట్టెలుకకు పావు అంగుళం చాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఖరీఫ్ వరి కోతలు ముగిసి, నూర్చిన ధాన్యం ఇల్లు చేరే రోజుల్లో, పొలంలో తిండి తరిగి ఇంట్లో బస్తాలు పేరుకుంటాయి కనుక, ఎలుకల అలికిడి కూడా పెరుగుతుంది. బోనులో నాలుగు పడగానే పీడ విరగడైందని సంబరపడతాం. కానీ చిట్టెలుక గర్భం మోసేది సుమారు 20 రోజులే. ఈతకు ఐదారు పిల్లలు పుడతాయి, అవి ఆరు వారాలు తిరగకముందే ఈతకు సిద్ధమవుతాయి. తిండీ దారీ ఉన్నంతకాలం చచ్చినవాటి చోటు ఖాళీగా ఉండదు.

అందువల్ల ముందుగా చూడవలసింది దారి. పుర్రె పట్టేంత సందు, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు, దొరికితే చిట్టెలుక ఒళ్లంతా కుదించుకుని దూరిపోతుంది. పెన్సిలు పట్టే కన్నం ఏదైనా దానికి ద్వారమే. పెంకుటింట్లో గోడ నెత్తికీ వాసాలకూ మధ్య ఖాళీలు, డాబా ఇంట్లో గ్యాసు గొట్టం, కేబులు వచ్చే రంధ్రాలు, వంటగది తూము, తలుపు కింద సందు, వీటిని పగలు టార్చి వేసి వెతకాలి. గుడ్డలు, థర్మోకోల్ కుక్కితే కొరికి పారేస్తుంది, ఎందుకంటే దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. స్టీలు పీచు కుక్కడం మంచి ఉపాయమే అయినా, కళింగపట్నం వంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి అది తుప్పు పడుతుంది. గాజు పెంకులు కలిపిన సిమెంటు నా దృష్టిలో అంతకన్నా నమ్మకమైనది. తూములకు సన్నకన్ను ఇనుప జాలీ బిగించాలి, బియ్యం మూత గట్టిగా పట్టే రేకు డ్రమ్ములోకి మార్చాలి. నీళ్లు దాచినంత మాత్రాన లాభం లేదు. తిండిలోని తేమతోనే అది చాలావరకు గడుపుకోగలదు.

లోపల మిగిలినవాటికి బోనులే మేలు. చిట్టెలుక మీసాలతో గోడను తడుముకుంటూ అంచు వెంబడే నడుస్తుంది కనుక, ఎర ఉన్న కొస గోడకు ఆనేలా బోను అడ్డంగా పెట్టాలి. రాత్రంతా పదిచోట్ల కాస్త కాస్త కొరికే జీవి కాబట్టి ఒక్క బోను చాలదు. రెండు మీటర్లకొకటి ఉండాలి. ఎర ఎక్కువ పెట్టకూడదు: పలాస జీడిపప్పు ముక్కను దారంతో కట్టేస్తే లాక్కుపోవడానికి వీలుండదు, లాగినప్పుడు బోను పడుతుంది.

విషం సంగతికి వస్తే, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్న సామెత గుర్తుంచుకోవాలి. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు శరీరంలో విటమిన్ కె తిరిగి తయారు కాకుండా అడ్డుకుని, రక్తం గడ్డకట్టే శక్తిని హరిస్తుంది. చావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా ఆ ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకూ ముప్పే. పసుపు భాస్వరం ఉన్న పేస్టు పిల్లల చేతికి చిక్కితే కాలేయం దెబ్బతింటుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. గింజలాంటి పెంటికలను పొడిగా ఊడిస్తే ధూళి గాలిలోకి లేస్తుంది. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, చేతి తొడుగులతో గుడ్డపెట్టి తుడవాలి, ఎందుకంటే ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుషులకు సోకుతుంది.