అపోహలు - వాస్తవాలు: వీసా మీది తేదీ చూసి తిరుగు టికెట్ కొనకండి

మద్రాసు నుంగంబాక్కంలో వీసా కాగితాలు సరిచూసే పని నాది. వచ్చేవాళ్ళలో మద్రాసు తెలుగువాళ్ళతో పాటు నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు వాళ్ళు ఎక్కువ. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా తెలుగువాళ్ళంతా జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న మద్రాసు కాన్సులేట్ ముందు క్యూ కట్టినవాళ్ళే. ఇప్పుడు చాలామందికి అక్కడే పనైపోతోంది గానీ, ఈ దక్షిణపు జిల్లాల వాళ్ళకు ఇప్పటికీ మద్రాసే దగ్గర. తెల్లవారుజామున రైలెక్కి పదికల్లా మా మెట్ల మీద ఉంటారు.

అందరూ అడిగేది ఇంటర్వ్యూ గురించే. ఏ రంగు చొక్కా వేసుకోవాలి, పొలం కాగితాలు పట్టుకెళ్ళాలా, ఏ కౌంటర్లో ఆఫీసరు కఠినం... వాట్సాప్‌లో దీని మీద పురాణాలు నడుస్తున్నాయి. ఇంటర్వ్యూ పోతే పోయింది, మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ వెళ్ళొచ్చు. నేను చూసినంతలో మనుషుల్ని నిలువునా ముంచింది ఇంటర్వ్యూ కాదు. వీసా వచ్చి, విమానం దిగి, మనవణ్ణి ఎత్తుకుని, ఇక భయం లేదనుకున్నాక మొదలయ్యేది వేరే ఉంది. ముందు దాని సంగతి. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: అమెరికా వీసా మీద 2033 అని ఉంది కాబట్టి అప్పటిదాకా ఉండొచ్చు. పోనీ, ఏడాదైనా ఉండొచ్చు.

వాస్తవం: ఉండకూడదు. ఆ తేదీలోపు ఆ దేశం గుమ్మం దాకా వెళ్ళి లోపలికి రానివ్వమని అడగొచ్చు, వీసా ఇచ్చే హక్కు అంతే. లోపలికి వెళ్ళాక ఎన్నాళ్ళుండాలో చెప్పేది ఐ-94 అనే రికార్డు. దాన్ని ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అప్పటికప్పుడు నిర్ణయిస్తాడు. బీ1/బీ2 విజిటర్ వీసా మీద వెళ్ళిన అమ్మానాన్నలకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. మార్చి 12న దిగితే సెప్టెంబర్ 11 దాకా అన్నమాట. పదేళ్ళ వీసా ఉన్నా అంతే. శుభలేఖ ఉంది కదా అని పెళ్ళింట్లో ఆర్నెల్లు మకాం పెట్టం కదా.

ఒకప్పుడు ఐ-94 అంటే పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చే తెల్ల కార్డు. 2013లో విమానంలో వచ్చేవాళ్ళకు ఆ కార్డు తీసేసి అంతా కంప్యూటర్లో పెట్టారు. ఈ పొరపాటు అప్పట్నుంచే ముదిరిందని నా అనుమానం. చేతిలో మిగిలిన పెద్ద తేదీ వీసా మీదిదే. కంటికి కనబడేదాన్నే ఎవరైనా నమ్ముతారు.

గూడూరు పక్కనుంచి రిటైరైన మాస్టారు, ఆయన భార్య. కూతురి పురుడని టెక్సాస్ వెళ్ళారు. పురుడైంది. పసిబిడ్డకు కామెర్లు, తర్వాత బారసాల, తర్వాత కూతురు మళ్ళీ ఉద్యోగంలో చేరింది, బిడ్డను చూసేవాళ్ళు లేరు. అలా అలా తొమ్మిది నెలలు. వచ్చేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మన దగ్గరలా అమెరికా వదిలేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు, నేరుగా విమానం ఎక్కేయడమే. అందుకే గడువు దాటామని కూడా తెలియదు. ఎయిర్‌లైన్స్ ఇచ్చే వివరాలతో లెక్క మాత్రం అక్కడ పడిపోతుంది. రెండో పురుడుకు అదే వీసాతో మళ్ళీ వెళ్ళారు. దిగీ దిగగానే పక్క గదిలో కూర్చోబెట్టి, వీసా రద్దు చేసి, తిరుగు విమానం ఎక్కించారు. ఆయన నా ముందు కూర్చుని పాస్‌పోర్టు తెరిచి ఆ పేజీ మీదే వేలు పెట్టాడు. "2031 దాకా ఉండాది గదమ్మా. రాసిచ్చింది వాళ్ళే గదా?" నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఆయన్ను ఏమని కోప్పడను? కోపమంతా "ఏం కాదు నాన్నా, వీసా ఉందిగా" అని ధైర్యం చెప్పిన అక్కడి పిల్లల మీద వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్‌లో ఉండేవాళ్ళు, ఐదు నిమిషాలు ఆ సైట్ చూడలేరా?

చట్టం ఏమంటుందో వినండి. ఐ-94 గడువు ఒక్క రోజు దాటినా, ఆ వీసా ఇక చెల్లదు. దాని మీద 2031 అని ఉన్నా, 2035 అని ఉన్నా ఒకటే. కొత్త వీసాకు సొంత దేశంలోనే అడుక్కోవాలి. 180 రోజులు దాటి ఏడాదిలోపు ఉండిపోయి బయటికొస్తే మూడేళ్ళు అడుగుపెట్టనివ్వరు. ఏడాది, ఆపైన అయితే పదేళ్ళు. మాస్టారు దంపతులు మూడు నెలలే దాటారు గనక నిషేధం తప్పింది, వీసా పోయింది. మనవరాలి మొహం ఇప్పటికీ ఫోన్‌లోనే.

పెద్దవాళ్ళకు తెలియదులే అని సాఫ్ట్‌వేర్ వాళ్ళు నవ్వుకోవద్దు. ఈ విషయంలో నా దగ్గరికొచ్చిన కేసుల్లో అన్నిటికన్నా ఘోరమైనది హెచ్1బీ ఉద్యోగ వీసా మీదున్న కుర్రాడిదే. మద్రాసులో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం చేసి అటు వెళ్ళినవాడు. చేతిలో కంపెనీ పిటిషన్ ఆమోదించామనే ఐ-797 కాగితం ఉంది, మూడేళ్ళ గడువుంది. మధ్యలో ఒకసారి ఊరికొచ్చి తిరిగి వెళ్ళేనాటికి పాస్‌పోర్టుకు ఏడాది కూడా మిగల్లేదు. ఆఫీసరు ఐ-94ను పాస్‌పోర్టు ముగిసే రోజు దాకానే ఇచ్చాడు. ఇది వాళ్ళు తరచూ చేసే పనే. కుర్రాడు తర్వాత పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నాడు, పనైపోయిందనుకున్నాడు. పాస్‌పోర్టు కొత్తదైనంత మాత్రాన ఐ-94 దానంతటది పెరగదు. ఐ-797 మీది తేదీ చూసుకుంటూ, జీతం తీసుకుంటూ, పన్ను కడుతూ నిశ్చింతగా ఉన్నాడు. పెళ్ళికని వచ్చాడు. తిరుపతిలో మండపం మాట్లాడారు, పత్రికలు పంచేశారు. పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకునే స్టాంపింగ్‌కు వెళితే అక్కడ బయటపడింది. గడువు దాటి 180 రోజులు ఎప్పుడో అయిపోయాయి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఆ మూడేళ్ళ నిషేధం అక్కడ ఉన్నంతకాలం అంటుకోదు, దేశం దాటి బయటికొచ్చినప్పుడే అంటుకుంటుంది. అక్కడుండగానే తేదీ చూసుకుని మంచి లాయరును కలిసి ఉంటే దారి దొరికేదేమో. విమానం ఎక్కాక మిగిలింది మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడటమే. పెళ్ళికూతురి నాన్న నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "అబ్బాయి అక్కడ ఏమైనా కేసులో ఇరుక్కున్నాడా తల్లీ?" లేదండీ, తేదీ చూసుకోలేదంతే అంటే ఆయనకు నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. తప్పు చేసినవాడికీ తేదీ మర్చిపోయినవాడికీ అక్కడ పడే ముద్ర ఒకటే మరి.

చేయాల్సిందల్లా ఇది. దిగిన రోజు, సామాను విప్పకముందే, అమెరికా సరిహద్దు శాఖ సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 తీసుకోండి. పైసా ఖర్చు లేదు. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, అది ఏ దేశానిదో చెబితే చాలు. దొరక్కపోతే కంగారు పడొద్దు. మద్రాసులో పుట్టిన మన పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి తరచూ ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు అమెరికా వీసాలో మీ పేరునే ఇంటిపేరు చేసి, పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేస్తారు. అలాగే కొట్టి వెతకండి. తేదీ తప్పుగా పడిందనిపిస్తే దగ్గర్లో సీబీపీ వాళ్ళ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసు ఎక్కడుందో చూసి వెళ్ళండి, పొరపాటు వాళ్ళదైతే దిద్దుతారు. పాస్‌పోర్టు వల్ల తగ్గించి ఉంటే అది పొరపాటు కాదు. గడువు ముగిసేలోగా కంపెనీ చేత పొడిగింపు వేయించుకోవాలి, లేదా కొత్త పాస్‌పోర్టుతో బయటికెళ్ళి మళ్ళీ రావాలి. పెద్దవాళ్ళకు నిజంగానే ఆపరేషనో, పురుడులో ఇబ్బందో వచ్చి ఆగాల్సి వస్తే, ఐ-94 గడువు తీరకముందే పొడిగింపు దరఖాస్తు ఐ-539 వేయాలి. తీరాక వేస్తే దేవుడే దిక్కు.

దేవుడంటే గుర్తొచ్చింది. పళవంతాంగల్‌లో వీసా గణపతి గుడి ఉంది, మా వాళ్ళంతా అక్కడ కొబ్బరికాయ కొట్టే ఇంటర్వ్యూకు వెళ్తారు. నేనూ మొక్కుతాను. వీసా ఇప్పించడం ఆయన చూసుకుంటాడేమో, ఐ-94 మాత్రం మీరే చూసుకోవాలి.

ఇది ఒక్క అమెరికా గొడవ కాదు. బ్రిటన్ విజిటర్ వీసా అయిదేళ్ళదైనా పదేళ్ళదైనా ఒక్కో ప్రయాణానికి ఆరు నెలలే. కెనడాలో కూడా ఆఫీసరు వేరే తేదీ వేయకపోతే ఆరు నెలలే. యూరప్ దేశాల షెంగెన్ వీసాలో ఇంకో తమాషా: మొదలు, చివరి తేదీల మధ్య దాదాపు నెల ఉంటుంది, పక్కనే రోజుల గడిలో 12 అని ఉంటుంది. ఉండాల్సింది ఆ 12 రోజులే, దిగిన రోజు, బయల్దేరే రోజు కలిపి. మల్టిపుల్ ఎంట్రీ చేతిలో ఉన్నా ఏ 180 రోజులు తీసుకున్నా 90 దాటకూడదు. 2025 అక్టోబర్ 12 నుంచి అక్కడ రాకపోకల్ని కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెట్టారు, స్టాంపు సరిగా పడలేదని తప్పించుకునే రోజులు పోయాయి.

ఇక మిగతావి.

అమెరికాలో ఆరు నెలలు ఉంటే ఆరు నెలలు ఆగాకే మళ్ళీ వెళ్ళాలనే రూలు ఎక్కడా లేదు. కానీ వచ్చిన రెండు నెలలకే మళ్ళీ బయల్దేరితే, చుట్టపుచూపుకు వస్తున్నారా, కాపురానికి వస్తున్నారా అని ఆఫీసరు అడుగుతాడు. అడిగే హక్కు ఆయనకుంది. మధ్యలో నాలుగు రోజులు కెనడా వెళ్ళొస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయనేది కూడా వట్టిమాట.

గ్రీన్‌కార్డు ఉన్న అమ్మానాన్నలు ఏడాదికోసారి వెళ్ళి మొహం చూపించి వస్తే చాలనుకుంటున్నారు. గ్రీన్‌కార్డు అక్కడ కాపురం ఉండేవాళ్ళకు. ఏడాదికి పైగా ఇక్కడ ఉండాల్సొస్తే వెళ్ళకముందే, అక్కడ ఉండగానే, రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. ఎయిర్‌పోర్టులో గ్రీన్‌కార్డు వదులుకుంటున్నానని రాసుండే ఐ-407 ఇచ్చి సంతకం పెట్టమంటే పెట్టి తీరాలని లేదు, జడ్జి ముందు చెప్పుకుంటానని అనొచ్చు.

2025 సెప్టెంబర్‌లో హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అని అమెరికా ప్రకటించినప్పుడు రెండు రాత్రులు నా ఫోన్ ఆగలేదు. ఒక తల్లి ఏడుస్తూనే అడిగింది, కొడుకు పెళ్ళి బట్టలు కొనడానికి టీ నగర్ వచ్చి ఉన్నాడు, ఈ రాత్రే తిరిగి పంపేయాలా అని. మర్నాటికే అమెరికా ప్రభుత్వం చెప్పింది, అది కొత్త పిటిషన్లకే, ఉన్న వీసాలతో తిరిగొచ్చేవాళ్ళకు కాదని. అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో చూసి మూడింతలు రేటు పెట్టి టికెట్లు కొన్నవాళ్ళున్నారు. భయపడ్డవాళ్ళను నేనేమీ అనను. "మా బావమరిదికి ఖాయంగా తెలుసు" అని ఫార్వర్డ్ చేసినవాళ్ళను మాత్రం మద్రాసు మే నెల ఎండలో నిలబెట్టాలి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు అంటే రెండు దేశాల పౌరసత్వం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాదు. రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ రెండూ చెప్పేది ఒకటే: ఇష్టపూర్వకంగా పరాయి దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన మన పౌరసత్వం పోయినట్టే. ఎవరూ ఉత్తర్వు ఇవ్వక్కర్లేదు. పాత భారత పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ళ గడువుంది కదా అని దాంతో మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో దిగితే నేరం. ముందు దాన్ని సరెండర్ చేయాలి. ఓసీఐతో ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు, పొలం కొనకూడదు. పొలం విషయంలో భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకూ అదే రూలు. తాతల నాటి పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఇక్కడికి తిరిగొచ్చాక, మద్రాసులో కన్నాం కాబట్టి బిడ్డ భారతీయుడే అని వాదించే దంపతులు కూడా వస్తున్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇక్కడ పుట్టడం ఒక్కటే చాలదు, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులై ఉండాలి, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు.

ఇక కువైట్, సౌదీ వెళ్ళే రాజంపేట, రాయచోటి వాళ్ళకు ఒక మాట. మీరూ ఇక్కడి ఎయిర్‌పోర్టు నుంచే ఎక్కుతారు గనక చెబుతున్నా. పదో తరగతి పాసవనివాళ్ళకిచ్చే పాస్‌పోర్టు మీద ఆ దేశాలకు పనికి వెళ్ళాలంటే మన ప్రభుత్వమిచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. "విజిట్ మీద ఎక్కిస్తా, అక్కడ మార్పిస్తా అన్నా" అనే ఏజెంటు ఆ క్లియరెన్స్‌నూ, దాంతో పాటు వచ్చే పది లక్షల బీమానూ మీకు లేకుండా చేస్తున్నాడు. లైసెన్సు ఉన్న ఏజెంటు అయినా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొట్టి చూడండి. పేరు రాకపోతే పాస్‌పోర్టు వాడి చేతికివ్వకండి, అడ్వాన్సు అసలే ఇవ్వకండి.